మూల చిరిగిన లిఫాఫా

అమ్రాబాదు ఊరు దాటి అడవి మొదలయ్యే చోట అడవులు చూసే జంగ్లాత్ వాళ్ళు వదిలేసిన పాత బంగ్లా ఒకటి ఉండేది. పట్నంలోని వైద్యశాఖ దాన్ని తీసుకుని, డాక్టరీ ప్యాసై ఇంకా పైకి చదువుకునే పిల్లలను మలేరియా పని నేర్చుకోవడానికి మూడేసి నెలలు అక్కడికి పంపేది. వాళ్ళు పెంటలు అనే చెంచుగూడేలు తిరిగి, పిల్లల కడుపులు తడిమి ప్లీహం ఉబ్బి బల్ల కట్టిందేమో చూసేవాళ్ళు. వేలు గుచ్చి గాజుపలక మీద రక్తపు చుక్క తీసుకునేవాళ్ళు. కుంటల్లో గరిటె ముంచి దోమపురుగులు పట్టేవాళ్ళు. గడువు తీరగానే పెట్టె కట్టుకుని గుట్ట దిగిపోయేవాళ్ళు.

దిగకుండా ఉండిపోయేవాడు కురుమయ్య ఒక్కడే. సర్కారు కాయితంలో అతని పేరు పక్కన జవాను అని ఉంది. నీళ్ళు మోసేది, లాంతరు చిమ్నీలు తుడిచేది, పెంటలకు దారి చూపేది, తపాలా అందుకునేది అన్నీ అతనే. యాభై అయిదేళ్ళుంటాయి. మనిషి పొడుగు, నడక ఇంకా పొడుగు. కాళ్ళు చూస్తే చాలు, జీవితమంతా నడిచినవాడని తెలిసిపోయేది.

నెలకొకసారి ఆ తపాలాలో పట్నం నుంచి రెండు ఠావుల కాయితం వచ్చేది. ఉర్దూలో రాతి అచ్చు వేసినది. శాఖలో చదివేవాళ్ళకు, చదివి వెళ్ళినవాళ్ళకు పనికొచ్చే ముచ్చట్లన్నీ అందులో ఉండేవి. ఫలానా జిల్లా దవాఖానలో జాగా ఖాళీ ఉంది, అర్జీ పెట్టుకోండి. ఫలానా ఆయన ఓడెక్కి లండను పోయాడు. క్షయ మీద ఉపన్యాసం శనివారం, ఆలస్యంగా వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వరు. ఒకసారైతే ఎవరో సైకిలు అమ్ముతాడట, బ్రేకులు సరిగా లేవు గనుక గుట్టల మీద ఉండేవాళ్ళు అడగవద్దు అని కూడా వేశారు. "మనం గుట్ట మీదనే ఉంటిమి గద, మనకియ్యరు పో" అని కురుమయ్య ఆ నెలంతా నవ్వుకున్నాడు.

అతనికి చదువు రాదు. ఎవరైనా విద్యార్థి ఉంటే, చదివించుకుని వినేవాడు. విన్నది మరిచేవాడు కాదు. ఆ కాయితానికి పై అంచు మటుకే బంక రాసి వరండాలోని పలకకు అంటించేవాడు. కింది భాగం అట్లా వేలాడేది. విద్యార్థులు లేని నెలల్లోనూ కాయితం రావడం ఆగేది కాదు. అప్పుడు దాన్ని పాతదాని మీదే అదే తీరుగా అంటించేవాడు. చదవని కాయితం మీద చదవని కాయితం, గాలి వస్తే అన్నీ కలిసి రెక్కలాడించేవి. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా, చెప్పులు విప్పకముందే వాళ్ళను పలక దగ్గరికి తీసుకుపోయి, ఒక్కొక్కటే పైకెత్తి పట్టుకుని నిలబడేవాడు.

"బాలస్వామి దాక్టర్ సాబ్ ముచ్చట ఏమన్న ఉన్నదా, జర సూడున్రి."

బాలస్వామి మొదటి ఏడు వచ్చిన విద్యార్థి. చలికాలం పొద్దున కురుమయ్య పొయ్యి దగ్గర కూచుని జొన్నరొట్టె తినేవాడు. వెళ్ళేటప్పుడు, ఉత్తరం రాస్తాను అన్నాడు. అంతే. ఆ మాటకు ఆరేళ్ళు నిండాయి.

*

కురుమయ్యది నల్లగొండ జిల్లాలో హాలియా పక్క పల్లె. భూమి లేని ఇల్లు. వంతు ప్రకారం వెట్టికి పోయే ఇల్లు. అతని తండ్రికీ, తండ్రి పోయాక అతనికీ ఊళ్ళో పడ్డ పని చావు కబురు మోయడం. ఎవరింట్లో ఎవరు పోయినా, పొరుగూళ్ళలోని చుట్టాలకు నడిచి వెళ్ళి చెప్పి రావాలి. దానికో పద్ధతి ఉంది. గడప దాటకూడదు. చెప్పేదాకా ఆ ఇంటి నీళ్ళు తాగకూడదు. పోయాడు అని నోటితో అనకూడదు. "పెద్దాయనకు పానం బాగలేదు, మిమ్ములను రమ్మన్నరు" అనాలి. వినేవాళ్ళు ముద్ద దగ్గర ఉంటే తినేదాకా ఆగాలి. పట్వారీ రాసిచ్చిన ఉత్తరమైతే దానికి ఒక మూల చింపి ఉంటుంది. చదువురాని వెట్టివాడికీ దాంతో సంగతి తెలిసిపోతుంది. ఆ ఉత్తరాన్ని ఇంట్లోకి తేరు. వాకిట్లోనే చదివి, చదివిన చోటే చింపేసి, స్నానం చేసి లోపలికి పోతారు.

ఇరవై ఏళ్ళ వయసులో ఒకసారి కురుమయ్య తొందరపడ్డాడు. ఇంకా రెండూళ్ళు మిగిలి ఉన్నాయి, పొద్దు వాలుతోంది. ఒక ఇంటి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. లోపల పచ్చి బాలింత ఉందని, చనిపోయింది ఆమె అన్న అని అతనికి తెలియదు. ఆమె విన్నది. ఆ దినమే జ్వరం వచ్చింది, మూడోనాటికి పోయింది. పాపం ఎవరిదో ఎవరు చెప్పగలరు? ఊరు మాత్రం "నీ నోరే కొట్టింది" అన్నది. కురుమయ్య కూడా అదే అనుకున్నాడు, జీవితమంతా.

ఆ తర్వాత పెద్ద జ్వరాల ఏడు వచ్చింది. ఊరూరా పీనుగులు. కురుమయ్య ఎనిమిది దినాలు ఆగకుండా కబుర్లు మోశాడు. తొమ్మిదోనాడు ఇల్లు చేరేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. పెండ్లాం సుక్కమ్మ పోయి మూడు దినాలైంది. ఊరందరి కబుర్లూ మోసిన మనిషికి తన ఇంటి కబురు మోసేవాడు దొరకలేదు. పిల్లలు లేరు. ఆ తలుపు మళ్ళీ తీయకుండానే జంగ్లాత్ సర్వే వాళ్ళ వెంట సామాను మోస్తూ అమ్రాబాదు గుట్టలెక్కాడు.

*

యుద్ధం నడుస్తున్న రోజులు. మలేరియాకు వేసే కొయినా గోలీలకు కరువు. ఆ ఏడు ఆషాఢంలో బంగ్లాకు ఒక్కతే విద్యార్థిని వచ్చింది. పేరు సాలమ్మ. నల్లగొండ మిషన్ దవాఖానలో పుండ్లు కడిగి కట్లు కట్టే ఇస్రాయేలు కూతురు. ఇరవై నాలుగేళ్ళది, సన్నగా, నల్లగా, మాటకు ముందు ఒక క్షణం ఆగే మనిషి. ఆమెకు తోడు పడుకోవడానికీ, వంటకూ ఊళ్ళోంచి సైదమ్మను పెట్టారు. సైదమ్మ నోరు పెద్దది, చెయ్యి మెత్తనిది.

"ఏ ఊరు తాతా నీది?" అని అడిగింది సాలమ్మ వచ్చిన నాడే.

"హాలియా పక్కన పల్లె దొరసానీ."

"దొరసాని ఎవ్వలు? మా తాత గూడ ఆ దిక్కే వెట్టి జేసిండట. మా బాపు మిషన్ల చేరినంక మాకు పేర్లు మారినయ్ గని, వాడకట్టు గదే. నన్ను సాలమ్మ అను."

కురుమయ్య చేతిలోని కడవ కింద పెట్టి, మళ్ళీ ఎత్తుకున్నాడు. సైదమ్మ పొయ్యి దగ్గరి నుంచి అరిచింది. "అనరాదే ముసలోడా! గా మాట అననీకి నీకు ముహూర్తం గావాల్నా?"

"బిడ్డా అంట" అన్నాడు కురుమయ్య చివరికి.

ఆ సాయంత్రం పలక దగ్గర కూచుని సాలమ్మ వేలాడే కాయితాలన్నీ ఓపికగా చదివింది. అయిదు నెలలవి. మూడో కాయితంలో బాలస్వామి కనబడ్డాడు.

"పెండ్లి అయిందట తాతా. ఔరంగాబాదుల పెద్ద దవాఖానల కొలువు."

"ఎన్నడయింది బిడ్డా?"

"పోయిన మాఘంల."

"మంచిగయింది" అన్నాడు కురుమయ్య. కాసేపు కాయితం అట్లాగే ఎత్తి పట్టుకున్నాడు. "మంచిగయింది" అని మళ్ళీ అన్నాడు.

అన్నింటికన్నా పైనున్న కాయితం ఆ నెలదే. దాన్ని చదువుతూ సాలమ్మ సగంలో ఆగిపోయింది. ఈ రాజ్యం నుంచి ఒక్కరిని ఎంచి కలకత్తా పంపుతారట. జ్వరాల మీద రెండేళ్ళ పైచదువు, ఖర్చంతా శాఖదే. ముందు అర్జీ పెట్టుకోవాలి. పిలిచిన నాడు పట్నం వచ్చి పెద్ద డాక్టర్ల ముందు కూచుని జవాబులు చెప్పాలి.

"నాకిది గావాలె తాతా" అంది. ఆమె ఏదైనా కావాలని అనడం కురుమయ్య వినడం అదొక్కసారే.

రెండు దినాలు కూచుని అర్జీ రాసింది. సోమవారం తపాలా మోసే మైసయ్య వస్తే దాన్ని అతని సంచిలో కురుమయ్యే తన చేత్తో పెట్టాడు. "జవాబు ఎట్లొస్తది బిడ్డా? నేను గుర్తువట్టాలె గద" అని అడిగాడు. సాలమ్మ శాఖ లిఫాఫా ఒకటి తెచ్చి చూపించింది. మట్టిరంగు లిఫాఫా, పైన కుడి మూలకు నీలం సిరాతో గుండ్రటి ముద్ర. ఆమె తండ్రి పంపే ఉత్తరాలూ మట్టిరంగువే, మిషన్ దవాఖాన ఇచ్చేవి. వాటికి ముద్ర ఉండదు.

అప్పటినుంచి ప్రతి సోమవారం మైసయ్య గుట్టెక్కి కనబడగానే కురుమయ్య ఎదురు పోయేవాడు. "గుండ్రటి ముద్రది వచ్చిందా?"

"రాలే. ఆ పిల్లకన్న నీకే ఫికర్ ఎక్కువుంది గదనే. కలకత్తాకు నువ్వు గూడ పోతవా ఏంది?"

నిజానికి ఆమె పోతే బంగ్లా మళ్ళీ ఖాళీ అవుతుందని అతనికి తెలియక కాదు. సాయంత్రాలు పొయ్యి దగ్గర కూచుని ఆమె పెంటల ముచ్చట్లు చెప్పేది, అతను పాత కాయితాల్లో విన్న పేర్లన్నీ వరుసగా అప్పజెప్పేవాడు. ఆమె వాళ్ళలో సగంమందిని ఎరుగును. ఫలానా ఆయన గురక పెడతాడని, ఫలానా ఆమె పీనుగును చూసి మొదటినాడు మూర్ఛపోయిందని చెప్పేది. ఆరేళ్ళుగా పేర్లయి ఉన్నవాళ్ళు మనుషులై పొయ్యి చుట్టూ కూచునేవాళ్ళు. అయినా సోమవారం వస్తే అతని కాళ్ళు ఎదురు పోయేవి.

శ్రావణం మధ్యలో తండ్రి నుంచి ఉత్తరం వచ్చింది. దగ్గు తగ్గలేదని, రక్తం కనబడుతోందని రాసి ఉంది. చేతిరాత తండ్రిది కాదు, ఎవరితోనో రాయించాడు. ఆ దినం సాలమ్మ అన్నం ముట్టలేదు.

*

శ్రావణం చివర, శనివారం నాడు, పెంటల నుంచి తిరిగొస్తూనే సాలమ్మ వణుకుతూ మంచమెక్కింది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం కోళ్ళు టకటకలాడాయి. తన వేలు తనే గుచ్చుకుని గాజుపలక మీద చుక్క తీసుకుంది, కానీ దాన్ని చూసే ఓపిక లేక పక్కన పెట్టింది. మిగిలిన కొయినా గోలీలు లెక్కపెట్టుకుని వేసుకుంది. ఆదివారానికి మాటలు తడబడ్డాయి. "బాపూ, జర నీళ్ళు" అని కురుమయ్యనే పిలిచింది.

సోమవారం వాన. మైసయ్య నెత్తిన కప్పుకున్న గొంగడి కొప్పెర నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చాడు. ముందు మోదుగాకు పొట్లం తీసిచ్చాడు. పలకకు కాయితాలు అంటించడానికి కురుమయ్య చెంచుల దగ్గర బంక తెమ్మన్నాడు, అది. తర్వాత సంచిలో చెయ్యిపెట్టి తడిసిన లిఫాఫా ఒకటి తీశాడు. తీసి, ఇవ్వకుండా చూస్తూ నిలబడ్డాడు.

"ఏందది? ముద్రదేనా?"

"ముద్ర లేదే కురుమన్నా." మైసయ్య గొంతు తగ్గింది. "మూల గూడ లేదు."

మట్టిరంగు లిఫాఫా. పైన కుడి మూల చిరిగి ఉంది. మైసయ్య దాన్ని చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వానలోకి దిగిపోయాడు.

కురుమయ్య దాన్ని ఇంట్లోకి తేలేదు. వానలోనే నడిచి, వెనక పశువుల కొట్టం చూరులో దోపాడు. సైదమ్మను బయటికి పిలిచి చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, తర్వాత గట్టిగా అంది. "పచ్చి జరంల చెప్పకు. నీకు దండం పెడత, జరం దిగి నాలుగు ముద్దలు తిన్నదాంక ఆగు. పోయినాయన ఎట్లా రాడు. పిల్లనన్న దక్కించుకుందాం."

ఆమె చెప్పకపోయినా కురుమయ్య చెప్పేవాడు కాదు. గడప అవతల నిలబడి లోపలి మంచం వైపు చూస్తే ముప్పై అయిదేళ్ళ కిందటి బాలింతే కనబడింది.

జ్వరం దినం విడిచి దినం వచ్చింది. అతను తడిగుడ్డలు మార్చాడు, గంజి తాగించాడు. తెలివి వచ్చినప్పుడల్లా ఆమె అడిగేది ఒకటే. "సోమవారం పోయిందా తాతా? ముద్రది వచ్చిందా?"

"రాలే బిడ్డా."

అది అబద్ధమని అతనికి అనిపించలేదు. రెండో సోమవారం మైసయ్య వస్తే మళ్ళీ ఎదురు పోయి అడిగాడు కూడా. ముద్రది రాలేదు, అసలు తపాలానే లేదు. కనీసం అదన్నా వస్తే, చావు కబురు చెప్పిన వెంటనే చేతిలో పెట్టవచ్చు కదా అని అతని ఆశ.

*

శుక్రవారం జ్వరం దిగింది. శనివారం పొద్దున సాలమ్మ గోడ పట్టుకుని లేచి, సైదమ్మ పెట్టిన చారన్నం మొత్తం తిన్నది. కురుమయ్య స్నానం చేసి, తలకు గుడ్డ చుట్టుకుని, వాకిట్లో చాప వేశాడు. చెంబుతో నీళ్ళు పెట్టాడు.

"బిడ్డా, జర ఎండకు వచ్చి కూసో."

వచ్చి కూచుంది. అతను నాలుగడుగుల దూరంలో నిలబడి, నలభై ఏళ్ళ కిందట నేర్చిన మాటలే అన్నాడు. "మీ బాపుకు జర పానం బాగలేదట. నిన్ను రమ్మన్నరట." ఉత్తరాన్ని ఆమె ముందు నేల మీద పెట్టాడు.

సాలమ్మకు ఆ మాట అర్థం తెలుసు. ఆ వాడకట్టు పిల్లే కదా. చిరిగిన మూల చూసింది, రెండు చేతులతో తీసుకుంది, విప్పింది. చదువుతుండగా కురుమయ్య తల వంచుకున్నాడు. సైదమ్మ గడపలో కూలబడి శోకం ఎత్తుకోబోయింది.

"బాపు గాదు" అంది సాలమ్మ.

"ఏందీ?"

"బాపు ముచ్చట గాదు తాతా. పట్నం నుంచి. కలకత్తా చదువుకు పిలిచిన్రు."

సైదమ్మ ఏడుపు నవ్వయిపోయింది. కురుమయ్య నేల మీద కూచుండిపోయి, కురుమూర్తి సామికి రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "బతికించినవు తండ్రీ, బతికించినవు" అని ఏడ్చాడు. ఏడుస్తూ చూస్తే ఆమె కదలకుండా ఉంది.

"ఇయ్యాల ఏ వారం?" అంది.

"శనివారం బిడ్డా."

"మొన్న బేస్తవారం పొద్దుగాల పది గంటలకు రమ్మన్నరు."

సాలమ్మ కాయితాన్ని మడిచింది, మళ్ళీ విప్పి తారీఖు చూసింది, మళ్ళీ మడిచింది.

"ఎన్ని దినాలు దాసినవు?"

"పన్నెండు. నువ్వు జరంల ఉంటివి బిడ్డా. గా జరంల ఎట్ల చెప్పాలె..."

"నా పేరు మీద వచ్చిన కాయితం నాది తాతా." గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండునని అతనికి అనిపించింది. "సావు కబురైనా నాదే. నా బాపు సావు నువ్వు పన్నెండు దినాలు కొట్టంల ఎట్ల దాస్తవు? జరంల నేను పోతే? తెల్వకనే పోదును గద."

ఆమె లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం చేతులు ఊరికే ఉండలేక కురుమయ్య అంటించకుండా ఉండిపోయిన పోయిన నెల కాయితాన్ని పలకకు అంటించబోయాడు. పన్నెండు దినాలుగా గూట్లో ఉన్న మోదుగాకు పొట్లం విప్పాడు. వానకు తడిసి ముద్దయి మళ్ళీ ఎండిన బంకగడ్డ. ఆకు సందులోంచి కారిన చోట దానికి అతుక్కుని, సంచిలోనే లిఫాఫా నుంచి ఊడొచ్చిన మట్టిరంగు కాయితం ముక్క. ముక్క మీద గుండ్రంగా, నీలంగా, చెక్కుచెదరని ముద్ర.

తను అడిగి తెప్పించుకున్న బంక. గడ్డను తలగుడ్డ కొసకు ముడి వేసుకున్నాడు. పైన రెక్కలాడే కాయితాల చప్పుడే ఆ దినం అతనికి వినబడలేదు.

*

తెల్లవారి సాలమ్మను అడిగి ఆ ఉత్తరం తీసుకుని, సైదమ్మకు చెప్పి పట్నం బయలుదేరాడు. అచ్చంపేట దాకా నడక, అక్కడి నుంచి బస్సు. తలగుడ్డలో ఒక పక్క ఆమె ఉత్తరం, ఒక పక్క బంకగడ్డ. ఎన్ని కబుర్లు మోసినా, తన తప్పు తానే మోసుకుపోవడం అతనికి అదే మొదలు.

శాఖ మేడ పెద్దది. వసారాలో గోడకు పొడుగాటి పలక కనబడింది. తన కాయితం, బంగ్లాలో తను ఒక్కొక్క అక్షరం వినేదాకా నిద్రపోని కాయితం, అక్కడ మేకులతో కొట్టి ఉంది. సగం మీద వేరే కాయితాలు కప్పేశాయి. పిల్లలు పుస్తకాలు పట్టుకుని పక్కనుంచి పోతున్నారు. ఒక్కరూ తల తిప్పలేదు. పోయిన బేస్తవారం ఈ వసారాలోనే ఎక్కడో ఆమె పేరు పిలిచి ఉంటారు.

తలుపు దగ్గరి చప్రాసీ సాయిలు అతని మాట విని, "నల్లగొండోనివా?" అని బెంచీ మీద జాగా ఇచ్చాడు. మధ్యాహ్నం దాటాక, పిలుపు పంపిన ప్రొఫెసర్ గది తెరుచుకుంది. కురుమయ్య చెప్పింది సాయిలు ఉర్దూలో చెప్పాడు. ప్రొఫెసర్ బంకగడ్డను తిప్పి తిప్పి చూసి నవ్వాడు. ఉత్తరానికి మూల చిరిగితే ఏమిటట అని అడిగాడు. సాయిలు చేతులు కట్టుకున్నాడు. "సావు కాయితానికి మా దిక్కు మూల చింపుతరు సాబ్. మా అవ్వ పోయినప్పుడు నాకట్లనే వచ్చింది" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

"ఆమె రాలేదు, జవాబూ లేదు. ఇష్టం లేదనుకున్నాం. జాగా వేరేవాళ్ళకు ఇచ్చేశాం" అన్నాడు ప్రొఫెసర్.

కురుమయ్య అడిగింది ఒకటే. "ఇష్టం లేదనే మాట కాయితాల ఉంటే కొట్టెయ్యున్రి సాబ్. రాకపోవుడు ఆమె తప్పు గాదని రాయున్రి. గుండ్రటి ముద్ర ఏసి రాయున్రి."

ఆ ముద్ర వేసిన కాయితాన్ని, అప్పుడే అచ్చయిన ఆ నెల వార్తల కాయితంతో కలిపి గుండెల మీద కట్టుకుని తిరిగొచ్చాడు. బస్సులో పది మార్లు నాలుగు మూలలూ తడిమి చూసుకున్నాడు.

సాలమ్మ దాన్ని చదివి, పెట్టె అడుగున పెట్టుకుంది. "నడిచిపోయినవా తాతా, అచ్చంపేట దాంక?" అని మాత్రం అడిగింది. తండ్రి నుంచి ఆ వారమే ఉత్తరం వచ్చింది. దగ్గు కొంచెం నయమట. మళ్ళీ పొయ్యి దగ్గర కూచుంది, ముచ్చట్లు చెప్పింది. కానీ మాటకు ముందు ఆగే ఆ క్షణం కొంచెం పొడుగయింది. అది కురుమయ్య ఒక్కడికే తెలిసేది.

ఆశ్వయుజంలో గడువు తీరింది. వెళ్ళే దినం బొగ్గుముక్కతో అరుగు మీద ఉర్దూలో తన పేరు రాసింది. "ఇగో, రంపం పండ్లు, పక్కన నిలువు కర్ర. గీ వంకకర్ర, ముడి, ఆఖరుకు మల్ల నిలువు కర్ర. గిది నేను. కాయితంల గిది కనవడ్డనాడు చదివినోని దగ్గరికి పో. ఆ దినమే పో. ఏ కబురైనా సరే, దాయకు."

"దాయ బిడ్డా."

బండి గుట్ట మలుపు తిరిగేదాకా నిలబడ్డాడు. ఉత్తరం రాస్తానని ఆమె అనలేదు. అనకపోవడమే మంచిదనిపించింది అతనికి.

*

తర్వాతి ఏడు కలకత్తా జాగా ఇంకెవరికో పోయిందని, అప్పుడున్న విద్యార్థి చదివి చెప్పాడు. ఆ తర్వాత విద్యార్థులు రావడమే తగ్గింది. జిల్లాల్లో గడబిడ మొదలైంది, అడవిదారులు మంచివి కావన్నారు. చివరికి బంగ్లాకు ఎవరూ రాలేదు. సైదమ్మ కూతురి దగ్గరుంటానని కల్వకుర్తి పోయింది. కాయితం ఒక్కటి నెలనెలా వచ్చేది. కురుమయ్య దాన్ని వరండాలో ఎండకు పెట్టి, వేలు పెట్టి వరుస వెంబడి వెతికేవాడు. రంపం పండ్లు చాలాచోట్ల దొరికేవి. పక్కన నిలువు కర్ర ఉంటే వంకకర్ర ఉండేది కాదు. పూర్తిగా వెతకడానికి రెండు దినాలు పట్టేది.

రెండేళ్ళు దాటి, ఒక సోమవారం, రెండో ఠావు కింది భాగంలో అతని వేలు ఆగింది. అరుగు మీద బొగ్గుగీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, కానీ కంట్లో ఉన్నాయి. రంపం, కర్ర, వంకకర్ర, ముడి, కర్ర. పక్కన ఏముందో తెలియదు. ముందు కాయితం నాలుగు మూలలూ చూశాడు. నాలుగూ ఉన్నాయి. అయినా కూచోలేదు. పొయ్యి మీద జొన్నగటక ఉడుకుతోంది, దింపి పక్కన పెట్టి, తలగుడ్డ కూడా చుట్టుకోకుండా అమ్రాబాదు తపాలా కచ్చేరీకి నడిచాడు.

తపాలా బాబు కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్క గుక్కలో చదివేశాడు. "డాక్టర్ సాలమ్మ, ఇస్రాయేలు బిడ్డ, నల్లగొండ. జ్వరాల మీద పైచదువుకు ఎంచుకున్నారు. ఈ నెల మొదటి వారంలో కలకత్తా బయలుదేరింది. అంతే." కాయితం తిరిగిచ్చి, ముద్దర్లు కొట్టుకోవడంలో పడ్డాడు.

"ఇంకోపారి చదువున్రి సాబ్."

బాబు విసుక్కుని చదివాడు.

బయటికొచ్చి కురుమయ్య దారిలో నిలబడ్డాడు. చావు కబురైతే ఎవరికి చెప్పాలో చుట్టాల పేర్లు, ఊళ్ళ పేర్లు అన్నీ ముందే చెప్పి పంపేవాళ్ళు. ఈ కబురు ఎవరికి చెప్పాలో ఎవరూ చెప్పలేదు. కాళ్ళు అలవాటుగా సైదమ్మ ఇంటి వైపు నడిచాయి. తలుపుకు తాళం ఉంది. గడప అవతల నిలబడి, పద్ధతి ప్రకారం నీళ్ళు అడగకుండానే, "పిల్ల కలకత్తా పోయిందట" అని ఆ తాళానికి చెప్పి వచ్చాడు.

బంగ్లా చేరి, ఆ కాయితం రెండో ఠావును ముందుకు పెట్టి, పై అంచుకు బంక రాసి పలక మీద అంటించాడు. మరుసటి నెల కొత్తది వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని పాతదాని మీద కాకుండా పక్కకు జరిపి, పలక చివర, సగం గోడ మీదికి వచ్చేట్టు అంటించాడు. ఎవరైనా వస్తే మొదట సాలమ్మ పేరున్న ఆ వరుసే కనబడాలని. ఆ ఏడు ఎవరూ రాలేదు.